డ్రోన్ పైలట్ కాదలచిన యువకులకు

సభ్యుల పిల్లలు డ్రోన్‌తో పొలాలకు మందు కొట్టి జీవనోపాధి పొందగోరడం హర్షించదగినదే. అయితే ఇటీవల తనిఖీకి వెళ్లిన ఒక సంఘంలో, గేదెల నమ్మి, పైన అప్పు చేసి కొన్న డ్రోన్ మూలన పడి ఉండడం చూశాము. నడిపేవానికి ధ్రువపత్రం లేదు. ఆ నష్టం మరొక ఇంటికి రారాదని ఈ పాఠం.

1. అర్హత: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం వయస్సు 18కి తగ్గక, 65 దాటక, 10వ తరగతి ఉత్తీర్ణులై ఉండవలెను. పౌర విమానయాన డైరెక్టరేట్ అనుమతి గల సంస్థలో శిక్షణ పొంది, పరీక్ష నెగ్గితే రిమోట్ పైలట్ ధ్రువపత్రం లభిస్తుంది. అది 10 సంవత్సరాలు చెల్లుతుంది. సంస్థకు అనుమతి ఉన్నదని నిర్ధారించుకొన్న పిమ్మటనే రుసుము కట్టండి.

2. తరగతి: మోసే మందుతో సహా 2 కిలోలు దాటి 25 కిలోల వరకు ‘చిన్న’ తరగతి. కొనబోయే యంత్రం ఏ తరగతిదో ఆ తరగతికే శిక్షణ పొందవలెను.

3. యంత్రం: విశిష్ట గుర్తింపు సంఖ్య, ఇతరులకు జరిగే నష్టానికి బీమా తప్పనిసరి.

4. ఖర్చు: ఒక బ్యాటరీ కొద్ది నిమిషాలే వస్తుంది. అదనపు బ్యాటరీల ధర, పనిలేని నెలల వాయిదాలు ముందే లెక్క వేసుకోండి.

5. గాలి: గాలి పశుగ్రాసం వైపు వీచేటప్పుడు మందు కొట్టరాదు. గడ్డిపై పడిన మందు పాలలోకి రాగలదు.

ముందు శిక్షణ, తరువాత యంత్రం. కార్యదర్శులు దీనిని పాలు పోయవచ్చిన సభ్యులకు చదివి వినిపించ కోరుతున్నాము.