మజ్రాలో పని చేశానని డాక్టరుకు చెప్పారా?

ప్రశ్న: మా ఆయన సౌదీల మజ్రాల (పశువుల ఫారంల) నాలుగేండ్లు గొర్లు, ఒంటెలు కాసిండు. వచ్చి రెండు నెలలాయె. పొద్దుమూకంగనే చలిజ్వరం, తెల్లారేసరికి దుప్పటి తడిసేంత చెమట. నడుం పట్టేసి లేవలేకపోతుండు. టైఫాయిడ్ అని రెండుసార్లు సూదులు ఇచ్చిన్రు. తగ్గినట్టే తగ్గి మళ్లొస్తుంది.
- ఒక సోదరి, కోరుట్ల

జవాబు: అమ్మా, మీరు రాసిన మొదటి వాక్యంలోనే జబ్బు ఆచూకీ ఉంది. ఆ మాట డాక్టరుకు చెప్పారా? చాలామంది చెప్పరు, అడిగేవాళ్లూ తక్కువే. ఇక్కడ ముందుగా అనుమానించాల్సింది బ్రూసెల్లోసిస్. గొర్రెలు, మేకలు, పశువులు, ఒంటెల నుంచి మనిషికి సోకే బాక్టీరియా జబ్బిది. సౌదీలో పాత జబ్బే. పచ్చి ఒంటెపాలు తాగినా, ఈనే జీవానికి ఉత్త చేతులతో సాయం పట్టినా అంటుకుంటుంది. సోకిన కొన్ని వారాలకు, ఒక్కోసారి నెలలకు బయటపడుతుంది. కాబట్టి విమానం దిగాక జ్వరం మొదలైనా ఆశ్చర్యం లేదు. 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే వైద్యుడు ఈ క్రిమిని కనుగొన్నాడు. మేకపాలతో వస్తోందని 1905లో జమ్మిట్ అనే వైద్యుడు తేల్చాడు. అక్కడి సైనికులకు ఆ పాలు ఆపగానే జబ్బు తగ్గిపోయింది.

వైడాల్ రక్తపరీక్ష ఒక్కటే చూసి టైఫాయిడ్ అనడం మన ఊళ్ల అలవాటు. పాత జ్వరానికీ అది పాజిటివ్ రావచ్చు. రోజ్ బెంగాల్ పరీక్ష చవక, త్వరగా తేలుతుంది. అందులో అనుమానం వస్తే ట్యూబ్ అగ్లుటినేషన్ చేయిస్తారు. లక్షణాలుండి 1:160 లేదా అంతకు మించి వస్తే జబ్బు ఉన్నట్టే లెక్క. యాంటీబయాటిక్ మొదలెట్టకముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం ఇవ్వాలి. ఏ జబ్బు అనుమానమో ల్యాబు వాళ్లకు తప్పక చెప్పించండి, ఈ క్రిమి వాళ్లకూ సోకుతుంది. నడుం నొప్పికి ఎమ్మారై అవసరపడొచ్చు. వెన్నులో టీబీ కూడా ఇలాగే ఉంటుంది, రెండూ చూడాలి.

ప్రశ్న: మందల వరుసగా మూడు గొర్లు ఈసుకపోయినయ్. మాయ నేనే చేత్తో తీసిన. ఇంట్ల నా భార్య గర్భిణి. భయమైతుంది.
- ఒక గొర్లకాపరి, జగిత్యాల

జవాబు: ఇది బ్రూసెల్లోసిస్ కావచ్చు, కానీ ఈసుకపోవడానికి (గర్భం పోవడానికి) వేరే కారణాలూ ఉంటాయి. పశువుల డాక్టరుతో రక్తపరీక్ష చేయించండి. మీకు దగ్గర్లో కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉంది. ఇకపై గ్లౌజులు లేకుండా మాయ ముట్టొద్దు. కుక్కలకు వేయకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చండి. మీ భార్యను దొడ్డి వైపు పోనీయకండి. జ్వరమొస్తే ఈ సంగతంతా డాక్టరుకు చెప్పండి. గర్భిణికి డాక్సీసైక్లిన్ వాడరు, వేరే మందులిస్తారు. పాలు పొంగేదాకా కాచి తాగితే చాలు. జున్ను ఉడికించేదే కనుక దాని గురించి బెంగ వద్దు.

ప్రశ్న: బ్రూసెల్లా అని డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ రాసిన్రు. పది రోజులకే జ్వరం పోయింది. మూత్రం ఎర్రగా వస్తుంది. ఆపేయనా?
- ఒక పాఠకుడు, సిరిసిల్ల

జవాబు: ఆపొద్దు. ఈ క్రిమి కణాల లోపల దాక్కుంటుంది. అందుకే రెండు మందులు కలిపి ఆరు వారాలు వాడాలి, వెన్నుకు పాకితే మూడు నెలలు. మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. ఆ ఎరుపు రిఫాంపిసిన్ రంగే, రక్తం కాదు. కానీ కళ్లు పచ్చబడినా, వాంతులైనా వెంటనే డాక్టరును కలవండి. రిఫాంపిసిన్ టీబీ మందు కూడా కాబట్టి టీబీ లేదని తేల్చాకే ఇచ్చారా అని అడగండి. కోర్సు అయ్యాక కొన్ని నెలలు రక్తపరీక్ష పాజిటివ్‌గానే రావచ్చు. జ్వరం, నొప్పులు లేకుంటే ఆ కాగితం చూసి మళ్లీ మందులు మొదలెట్టకండి. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని వేసుకోండి. ఐరన్, కాల్షియం మాత్రలుంటే వాటికి రెండు మూడు గంటల ఎడం ఇవ్వండి.