పడమటి ముఖానికి నిలువెత్తు అద్దమా?

ప్రశ్న: ఖమ్మంలో మూడంతస్తుల బట్టల షాపు కడుతున్నాం, పడమర ముఖం. ముందంతా అద్దం, ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్లు వేయించొచ్చా?

జవాబు: అంత అద్దం వద్దండి. మే నెలలో సాయంత్రపు ఎండ ఏటవాలుగా లోపలికి దూరి బట్టల రంగు వెలిసేలా చేస్తుంది. సూర్యుడు కిందికి దిగాక సజ్జా ఒక్కటే ఆపలేదు. నిలువు పలకలో, జాలీ గోడో కావాలి. షోకేసు వరకే అద్దం చాలు.

ఏసీపీ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. రెండు అల్యూమినియం రేకుల మధ్య మామూలు ప్లాస్టిక్ ఉన్న రకం వద్దు. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు పైకి పాకడానికి ప్రధాన కారణం అలాంటి షీట్లే. 72 మంది చనిపోయారు. నిప్పును తట్టుకునే రకానికి పరీక్ష పత్రం అడిగి తీసుకోండి. ఏసీపీకి బదులు గ్రానైట్ వేయించాలనుకుంటే, అది మన జిల్లాలోనే దొరుకుతుంది. పై అంతస్తుల్లో సిమెంటుతో అతికించి వదిలేయకుండా స్టీలు క్లాంపులు వేయించండి.