ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మెత్తబడితే?

ప్రశ్న: మా కారు కొని ఐదేళ్లయింది. ఈమధ్య శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాట్ దిగుతుంటే కాలిన వాసన వచ్చింది. బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. బండి కాసేపు ఆపాక మామూలుగానే పనిచేసింది. ప్యాడ్లు మార్చాలా?
- ఓ పాఠకుడు, మార్కాపురం

జవాబు: మళ్లీ పనిచేసింది కదా అని వదిలేయకండి. అదేపనిగా బ్రేకు తొక్కితే ప్యాడ్లు, డిస్కులు విపరీతంగా వేడెక్కుతాయి. వాసన అందుకే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా పాతబడిన ఆయిల్ ఆ వేడికి త్వరగా మరిగి బుడగలు కడుతుంది. దాంతో పెడల్ మెత్తబడుతుంది.

మెకానిక్‌తో చక్రాలు విప్పించి మీరే దగ్గరుండి చూడండి. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలి, అదీ ఒకే వరుసలోని రెండు చక్రాలకూ కలిపి. కాలిపర్ పట్టేస్తోందేమో చూడమనండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి పూర్తిగా మార్చి, గాలి తీయించాలి. మూత మీద రాసిన గ్రేడునే, సీలు తీయని డబ్బా నుంచి పోయించండి.

ఘాట్‌లో రెండో, మూడో గేరులో దిగండి. బ్రేకు మీద కాలు అలాగే ఉంచొద్దు. న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆపి అసలే దిగొద్దు.

చదును రోడ్డు మీదా పెడల్ మెత్తగా ఉన్నా, ఎర్ర బ్రేకు లైటు వెలిగినా, చక్రం దగ్గర ఆయిల్ కారినా బండి నడపకండి. మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి, లేదా టోయింగ్ చేయించండి.