తంగేడు గుర్తులు

సోలాపూరులోని భవాని పేట్ నేతపనివారి పేట. తెలంగాణ జిల్లాలనుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా నివసిస్తున్నాయి. తెల్లవారగానే మరమగ్గాల చప్పుడు మొదలవుతుంది. మహాలయ అమావాస్య సమీపించగానే ఇళ్ళలో బతుకమ్మ పూల మాట వినిపిస్తుంది.

అమ్మమ్మ "తంగేడు పూలు తెమ్మ" ంటే మనుమరాలు తెల్లబోతుంది. ఆమెకు తెలిసిన పేరు 'తరవడ్'. అది మరాఠీ పేరు. రెండు పేర్లూ ఒకే మొక్కవి. అట్లే గునుగును మరాఠీలో 'కుర్డూ' అంటారు. ఒకే మొక్కకు ఇన్ని పేర్లున్నప్పుడు దానిని పోల్చుకొనేదెట్లా? గుర్తులను చూచి పోల్చుకోవాలి.

ఊరి వెలుపల మెట్టభూములలో, బాటల పక్కన తంగేడు పొదలుగా పెరుగుతుంది. పసుపు పచ్చని పూలు గుత్తులుగా పూస్తాయి. అయితే పూల రంగు ఒక్కటే చాలదు. తగిరిస పూలు కూడ పసుపు పచ్చనివే. తగిరిస ఆకులో సాధారణంగా మూడు జతల చిట్టి ఆకులుంటాయి. తంగేడు ఆకులో అంతకంటె చాల ఎక్కువ జతలుంటాయి. తంగేడు ఆకు మొదట చెవి ఆకారంలో చిన్న రేకులుంటాయి. కాయ పలుచగా, చదునుగా ఉంటుంది.

1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు తంగేడుకు 'ఆరిక్యులేటా' అని పేరు పెట్టాడు. ఆ లాటిన్ మాటకు 'చిన్న చెవులు గలది' అని అర్థం. నేటి శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. ఏ దేశంలోనైనా శాస్త్రజ్ఞులు ఈ పేరుతోనే దానిని గుర్తిస్తారు.

అయినంత మాత్రాన ఇంటి పేరును విడువరాదు. 18వ శతాబ్ది చివరి భాగంలో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ తన గ్రంథాలలో మొక్కల తెలుగు పేర్లను కూడ వ్రాశాడు. ఆ పేర్లు ప్రజల నోట వెలసినవే. అమ్మమ్మ చెప్పిన పేరును వ్రాసి ఉంచకపోతే అది ఆమెతోనే మరుగున పడిపోతుంది.

గుర్తులు తెలియకపోతే హాని కూడ కలుగుతుంది. వయ్యారిభామను మరాఠీలో 'గాజర్ గవత్' అంటారు. దాని ఆకులు క్యారెట్ ఆకులను పోలి ఉంటాయి. చిన్న తెల్లని పూలు పూస్తుంది. దానిని తాకితే కొందరికి ఒళ్ళంతా దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి వల్ల ఊపిరాడక బాధపడేవారూ ఉన్నారు. పూలు కోయబోయే పిల్లలు ముందుగా ఈ మొక్కను పోల్చుకోగలగాలి.

పొలానికి వెళ్ళే విద్యార్థి వెంట ఒక నోటుపుస్తకం ఉండాలి. చూచిన చోటు, తేది, ఆకు, పువ్వు, కాయల వివరాలు అందులో వ్రాయాలి. ఒక చిన్న రెమ్మను పాత వార్తాపత్రికల మధ్య ఉంచి, పైన బరువు పెట్టి ఆరబెట్టాలి. దాని పక్కన తెలుగు పేరు, మరాఠీ పేరు, శాస్త్రీయ నామం మూడూ వ్రాయాలి. అప్పుడు అమ్మమ్మ మాట, వీధి మాట, శాస్త్రం మాట ఒకే పుటలో నిలుస్తాయి.

అభ్యాసము

1. తంగేడుకు, తగిరిసకు గల భేదాలేవి?
2. 'ఆరిక్యులేటా' అనే పేరు తంగేడుకు ఎందుకు తగినది?
3. మీ ఇంటిలోని పెద్దలను అడిగి ఐదు మొక్కల తెలుగు పేర్లను, మరాఠీ పేర్లను వ్రాయండి.