తీగవలె పెరుగు యంత్రము

యంత్రమనగానే మనకు ఇనుము, చక్రములు, మరలు స్ఫురించును. కాని ప్రకృతిలో ఎముక లేకయే గొప్ప పనులు చేయు అవయవములు కలవు. ఏనుగు తొండములో ఒక్క ఎముకయు లేదు; అయినను అది దుంగను ఎత్తును, వేరుసెనగ కాయను ఏరును. వానపాము మెత్తని ఒడలితోనే నేలను తొలుచుకొని పోవును. ఇట్టి వానిని చూచి శాస్త్రజ్ఞులు రబ్బరు, పలుచని ప్లాస్టిక్కు, గాలి మొదలగువానితో మెత్తని యంత్రములను నిర్మించుచున్నారు. వానిలో ఒకదానిని ఇచట వివరింతుము.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో తీగవలె పెరుగు యంత్రమును లోకమునకు వెల్లడించిరి. బీరపాదు పందిరి నెక్కుట మనమెరిగినదే. పాదంతయు కదలిపోదు, మొదలు ఉన్నచోటనే యుండును, కొన మాత్రము ముందునకు సాగును. ఈ యంత్రమును అట్టిదే. పొడవైన పలుచని ప్లాస్టిక్కు గొట్టమును, చొక్కా చేతిని లోనికి త్రోసినట్లు, దానిలోనికే మడచుదురు. మొదటినుండి గాలి పట్టింపగా లోపలి మడత కొనవద్ద వెలికి తిరుగుచు ముందునకు పెరుగును. పరచుకొన్న భాగము కదలదు గనుక నేలతో రాపిడి యుండదు. ప్రక్కన అమర్చిన సన్నని గాలి గదులను నింపి కొనను కోరిన వైపునకు మళ్లింపవచ్చును. కొనకు కెమెరా తగిలింపవచ్చును.

పరీక్షలలో ఇది జిగురు మీదను, మేకుల మీదను సాగెను; తన లావులో పదవ వంతే యున్న తలుపు సందున దూరెను; 100 కిలోల పెట్టెను పైకెత్తెను. కూలిన కట్టడములలో చిక్కుకొన్నవారిని వెదకుటకు ఇది ఉపకరింపవలెనని పరిశోధకుల ఆశయము.

ఇరుకు త్రోవలనగానే మనకు మూతలేని బోరుబావులు జ్ఞప్తికి వచ్చును. వానిలో పడిన పసివారిని చేరుటకు మనుష్యుడు దిగజాలడు. ప్రక్కన మరియొక గొయ్యి త్రవ్వులోగా విలువైన కాలము గడచిపోవును. ముందు ముందు మెత్తని యంత్రములు అచ్చట తోడ్పడవచ్చును. కాని అంతవరకు కాచుకొని యుండుట తగదు. మూత వేసిన బోరునకు ఏ యంత్రముతోను పనిలేదు.

సుప్రీంకోర్టు 2010లో ఈ విషయమై నియమములు విధించినది. బోరు వేయుటకు 15 దినములు ముందుగా అధికారులకు వ్రాతమూలకముగా తెలుపవలెను. త్రవ్వుచోట హెచ్చరిక పలకయు, ముండ్లతీగ కంచెయు ఉండవలెను. కేసింగు గొట్టము చుట్టును నేలకు పైన 0.30 మీటరు, క్రింద 0.30 మీటరు ఉండునట్లు సిమెంటు దిమ్మె కట్టి, గొట్టమునకు ఉక్కు మూత బిగింపవలెను. మరమ్మతు సమయమున సైతము బోరును తెరచి విడువరాదు. పనికిరాని బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగునుండి నేలమట్టము వరకు పూడ్చవలెను. గ్రామములలో ఈ పర్యవేక్షణ భారము సర్పంచి పైనను, వ్యవసాయ శాఖ ఉద్యోగి పైనను కలదు.

కావున పంచాయతీ సభ్యులు తమ తమ వార్డులలోని బోర్ల పట్టికను తయారుచేసి, మూతలేని వానిని రాబోవు సమావేశముననే చర్చకు తెచ్చి, పని పూర్తియగువరకు విచారించుచుండవలెనని కోరుచున్నాము.