కండరముల పొందిక

మానవ శరీరమున 600లకు పైగా కండరములు కలవు. కండరము ఎముకను లాగగలదే కాని నెట్టజాలదు. కావున వంచుటకొకటి, చాచుటకొకటిగా అవి జంటలై పనిచేయును. బావిలో నీరు తోడునపుడు జబ్బ ముందువైపుననున్న ద్విశిర కండరము కుంచించుకొని మోచేతిని వంచును. వెనుకనున్న త్రిశిర కండరము సడలును. మరల త్రాటిని అందుకొనుటకు చేయి చాచునపుడు త్రిశిరము బిగిసి, ద్విశిరము సడలును. ఈ ఆజ్ఞలు వెన్నుపామునుండి నాడుల ద్వారా వచ్చును.

ధనుర్వాతమున ఈ పొందిక చెడును. గాయమున చొచ్చిన సూక్ష్మజీవుల విషము సడలుమను ఆజ్ఞను అడ్డగించును. జంట కండరములు రెండును ఒక్కసారే బిగిసి, రోగి వెన్ను విల్లువలె వంగును, ప్రాణమే పోవచ్చును. గాయమైనవారు దానిని శుభ్రముగ కడిగి, వైద్యుని చూచి, అవసరమైన టీకా వేయించుకొనవలెను. దేహమునకు బిగియుట యెంత అవసరమో, సడలుటయు నంతే అవసరము.