ముందు చక్రం హబ్బు విప్పుతున్నారా? ముందు సాకెట్టు సరిచూసుకోండి

దమ్ము పని ముగిసి ట్రాక్టరు గట్టెక్కగానే మొదట చూసుకోవలసినవి ముందు చక్రాల హబ్బులు. వారాల తరబడి బురదనీళ్లలో తిరిగిన హబ్బులోకి సీలు సందుల్లోంచి నీరు దిగుతుంది. గ్రీజు తెల్లబడి మజ్జిగలా పలచనవుతుంది. బేరింగు తుప్పు పట్టి, అరిగి, చివరకు పట్టేస్తుంది. ఏడాదికోసారి హబ్బు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కాస్త చేతిపని తెలిసిన రైతు ఈ పని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. అయితే పని ఎక్కువగా ఒకచోటే ఆగిపోతుంది. హబ్బు నట్టుకు సరిపోయే సాకెట్టు చేతిలో ఉండదు. అప్పుడు ఉలి, సుత్తి బయటికొస్తాయి. నష్టం అక్కడే మొదలవుతుంది.

హబ్బు లోపల ఏముంటుంది?

ఇంజను శక్తి వెనక చక్రాలకు మాత్రమే అందే మామూలు ట్రాక్టర్లలో ముందు హబ్బు నిర్మాణం తేలికైనదే. ఇరుసు కొన మీద రెండు టేపర్ రోలర్ బేరింగులుంటాయి. లోపలివైపు పెద్దది, బయటివైపు చిన్నది. వెనకవైపు నీరు, దుమ్ము రాకుండా ఆయిల్ సీలు ఉంటుంది. ముందువైపు డబ్బా మూత ఉంటుంది. మూత తీస్తే ఒక వాషరు, దానిమీద నట్టు కనిపిస్తాయి. సాధారణంగా ఈ నట్టుకు పైన కిరీటంలా గాడులు ఉంటాయి. మెకానిక్కులు దీన్ని క్యాజిల్ నట్టు అంటారు. గాడిలోంచి ఇరుసు కొనకున్న రంధ్రంలోకి స్ప్లిట్ పిన్ను దూర్చి, నట్టు కదలకుండా చేస్తారు.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచే వీల్ నట్లు వేరు, ఈ నట్టు వేరు. వీల్ నట్లను గట్టిగా బిగించాలి. హబ్బు నట్టు మాత్రం బేరింగుల మధ్య సందును సరిచేయడానికి ఉన్నది. దాన్ని బలంగా బిగించరు. కాబట్టి పిన్ను తీశాక అది మామూలు చేతి బలానికే తిరగాలి. తిరగకపోతే కారణం వెతకాలి కానీ పానాకు పైపు తొడిగి వేలాడకూడదు.

ఉలి దెబ్బతో ఏం పోతుంది?

ఉలి పెట్టి కొడితే నట్టు ఎలాగో తిరుగుతుంది. కానీ నట్టు గాడులు చెదిరిపోతాయి. మళ్లీ పిన్ను సరిగా కూర్చోదు. దెబ్బ తప్పి ఇరుసు మరల మీద పడితే కొత్త నట్టు కూడా ఎక్కదు. నట్టు ఖరీదు తక్కువే, ఇరుసు కొన ఖరీదు తక్కువ కాదు. పైగా ప్రతి దెబ్బా బేరింగు మీద పడుతుంది. ఉలి నుంచి లేచిన రజను కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మరో ముఖ్యమైన సంగతి. ఉలితో బిగించిన నట్టు ఎంత బిగిసిందో చేతికి తెలియదు. ఎక్కువ బిగిస్తే బేరింగు వేడెక్కి కాలిపోతుంది. వదులైతే చక్రం ఊగి, పిన్ను తెగి, రోడ్డు మీద చక్రమే ఊడి రావచ్చు. వెనక ట్రక్కులో కూలీలు ఉన్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

బజారుకు వెళ్లేముందు నాలుగు కొలతలు

"ట్రాక్టరు హబ్బు సాకెట్టు ఇవ్వండి" అని అడిగితే దుకాణదారుకు అర్థం కాదు. ఒకే కంపెనీలో కూడా మోడలును బట్టి నట్టు మారుతుంది. కింది నాలుగు కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

1. నట్టు సైజు: నట్టుకు ఎదురెదురుగా ఉన్న రెండు చదును ముఖాల మధ్య దూరం కొలవాలి. సాకెట్టు మీద ముద్రించిన అంకె ఇదే. చాలామంది మూల నుంచి మూలకు కొలుస్తారు. ఇది పొరపాటు. 32 మిల్లీమీటర్ల ఆరు మూలల నట్టును మూల నుంచి మూలకు కొలిస్తే దాదాపు 37 వస్తుంది. ఆ లెక్కన సాకెట్టు తెచ్చుకుంటే అది నట్టు మీద గిరగిరా తిరుగుతుంది. వెర్నియర్ కాలిపర్ ఉంటే మంచిది. ఊళ్లో లేతు పని చేసేవారి దగ్గర ఇది దొరుకుతుంది.

2. లోతు: నట్టులోంచి ఇరుసు కొన కొంత బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. మామూలు పొట్టి సాకెట్టు పెడితే ఇరుసు కొన దాని అడుగుకు తగిలి, సాకెట్టు నట్టు మీద సగమే కూర్చుంటుంది. సగం కూర్చున్న సాకెట్టు జారి మూలలు అరగదీస్తుంది. ఇరుసు కొన ఎంత పొడుచుకు వచ్చిందో కొలిచి, దానికి తగ్గ పొడుగు సాకెట్టు అడగండి. దుకాణాల్లో డీప్ సాకెట్టు అంటే ఇస్తారు.

3. హబ్బు నోటి వెడల్పు: నట్టు హబ్బు లోపలికి దిగి ఉంటుంది. సాకెట్టు గోడ మందంగా ఉంటే హబ్బు నోట్లో దూరదు. నట్టు చుట్టూ ఎంత చోటుందో చూసి, సాకెట్టు బయటి కొలత అంతకంటే తక్కువ ఉండేలా చూసుకోండి. గాలి మిషనుకు వాడే నల్ల సాకెట్లు మందంగా ఉంటాయి. అవి చాలా హబ్బుల్లో పట్టవు.

4. హ్యాండిల్ చదరం: సాకెట్టు వెనక ఉన్న నలుపలకల రంధ్రంలో హ్యాండిల్ కూర్చుంటుంది. అర అంగుళం, ముప్పావు అంగుళం చదరాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మీ దగ్గరున్న హ్యాండిల్ ఏదో చూసుకుని దానికి సరిపోయేది కొంటే అదనపు ఖర్చు ఉండదు.

కొలవడం కుదరకపోతే మరో తేలిక దారి ఉంది. మీ ట్రాక్టరు మోడలు పేరు చెప్పి, విడిభాగాల దుకాణంలో హబ్బు నట్టు కొత్తది ఒకటి కొనండి. దాన్ని మీ పాత నట్టుతో పోల్చి చూసుకుని, ఆ కొత్త నట్టునే చేత పట్టుకుని సాకెట్ల దుకాణానికి వెళ్లండి. సాకెట్టు తొడిగి చూసి కొనవచ్చు. నట్టు ఎలాగూ తర్వాత పనికొస్తుంది.

మిల్లీమీటర్లా, అంగుళాలా?

మనదేశంలో మెట్రిక్ కొలతలకు చట్టం 1956లోనే వచ్చింది. అయినా ట్రాక్టర్లలో అంగుళాల నట్లు ఇంకా కనిపిస్తాయి. కారణం వాటి పుట్టుకలో ఉంది. 1960లో మొదలైన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ నమూనాలతో, 1963లో మహీంద్రా వారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ నమూనాలతో ట్రాక్టర్ల తయారీకి దిగారు. ఆ పాత నమూనాలు అంగుళాల లెక్కన తయారైనవి. హెచ్‌ఎంటీ వారు చెకోస్లొవేకియా జెటార్ నమూనా తెచ్చారు. అది మిల్లీమీటర్ల లెక్క. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల తయారీ ఆగిపోయినా పాతవి ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. పైగా చేతులు మారిన బండిలో ఎప్పుడో దొరికిన నట్టు వేసి ఉండవచ్చు. కాబట్టి కంపెనీ పేరును నమ్ముకోకుండా నట్టును కొలవండి.

కొన్ని కొలతలు రెండు లెక్కల్లోనూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకటింపావు అంగుళం అంటే 31.75 మిల్లీమీటర్లు. దానికి 32 సాకెట్టు పావు మిల్లీమీటరు వదులుతో పనిచేస్తుంది. ముప్పావు అంగుళం అంటే 19.05. 19 నంబరు సాకెట్టు చాలావరకు ఎక్కుతుంది. కానీ ఒకటిన్నర అంగుళం అంటే 38.1. దానికి 38 నంబరు బిగుతుగా ఆగిపోవచ్చు. సుత్తితో కొట్టి ఎక్కించవద్దు, అంగుళాల సాకెట్టే తెచ్చుకోండి. ఒక మిల్లీమీటరు వదులున్న సాకెట్టు ఎప్పటికీ పనికిరాదు. మధ్యలో రేకు ముక్క, గుడ్డ ముక్క పెట్టి తిప్పడం కూడా మంచిది కాదు.

ఆరు మూలలదే మేలు

సాకెట్టు లోపల ఆరు మూలలున్నవి, పన్నెండు మూలలున్నవి అని రెండు రకాలు దొరుకుతాయి. పన్నెండు మూలలది తొడగడం సులువు, కానీ నట్టు మూలల దగ్గరే పట్టుకుంటుంది. తుప్పు పట్టి మూలలు అరిగిన నట్టుకు అది జారిపోతుంది. ఆరు మూలలది చదును ముఖాలను పట్టుకుంటుంది. హబ్బు పనికి ఆరు మూలలదే అడిగి తీసుకోండి.

అన్ని నట్లూ ఆరు మూలలవి కావు. కొన్ని ట్రక్కుల ఇరుసులకు ఎనిమిది మూలల పెద్ద నట్లుంటాయి. వాటికి ఎనిమిది మూలల సాకెట్టే కావాలి. కొన్నిచోట్ల గుండ్రని నట్టుకు చుట్టూ గాడులు మాత్రమే ఉంటాయి. దీనికి పళ్లున్న ప్రత్యేక సాకెట్టు ఉంటుంది. గాడులెన్ని, వాటి వెడల్పెంత, నట్టు బయటి వ్యాసమెంత అన్నవి చూసుకుని కొనాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రాక్టర్లలో చాలావాటికి ముందు హబ్బులోనే గేర్లు, ఆయిలు ఉంటాయి. వాటిని ఇంటి దగ్గర విప్పకుండా కంపెనీ వర్కుషాపుకు తీసుకెళ్లడమే క్షేమం.

విప్పేటప్పుడు

ట్రాక్టరును చదును నేల మీద నిలిపి, ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వేయండి. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు లేదా దుంగలు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లు కాస్త వదులు చేసి, తర్వాత ఇరుసు కింద జాకీ పెట్టి లేపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు. ఇరుసు కింద గట్టి దుంగ పేర్చి, బరువు దానిమీద ఆన్చండి.

చక్రం, డబ్బా మూత తీసి గ్రీజు తుడవండి. స్ప్లిట్ పిన్ను కొనలు తిన్నగా చేసి పకారుతో లాగండి. పిన్ను తునక లోపల మిగిలితే నట్టు తిరగదు, దాన్ని పూర్తిగా తీయండి. తుప్పు ఉంటే తుప్పు వదిలించే నూనె వేసి కొంతసేపు ఆగండి. సాకెట్టును నట్టు మీద చివరిదాకా దించి, ఒక చేత్తో నొక్కి పట్టుకుని రెండో చేత్తో హ్యాండిల్ తిప్పండి. హబ్బు లాగేటప్పుడు బయటి బేరింగు జారి మట్టిలో పడుతుంది. కింద శుభ్రమైన గుడ్డ పరిచి, బేరింగును బొటనవేలితో ఆపి ఉంచండి.

బేరింగులను కిరోసిన్‌తో కడిగి ఆరనివ్వండి. రోలర్ల మీద గుంటలు, పెచ్చులు లేదా వేడికి నీలంగా మారిన మచ్చలుంటే మార్చాలి. మార్చేటప్పుడు లోపలి భాగం, బయటి కప్పు రెండూ కలిపే మార్చాలి. సీలు కొత్తది వేయండి. పాత సీలు పెదవి ఎటువైపు ఉందో చూసి, కొత్తదాన్నీ అలాగే కూర్చోబెట్టండి. గ్రీజు పైపైన పూయకుండా రోలర్ల సందుల్లోకి దూరేలా అరచేత్తో నొక్కండి.

బిగించేటప్పుడు

హబ్బును చేత్తో తిప్పుతూ నట్టును బిగించండి. హబ్బు కాస్త బిగుతుగా తిరుగుతున్నట్టు అనిపించేదాకా వెళ్లి, తర్వాత గాడి రంధ్రానికి ఎదురయ్యేలా కొద్దిగా వెనక్కి తిప్పండి. ఎంత బిగించి ఎంత వదలాలో మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి. హబ్బు స్వేచ్ఛగా తిరగాలి. చక్రం ఎక్కించాక పైనా కిందా పట్టుకుని ఊపితే టకటక చప్పుడు రాకూడదు. స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తదే వాడండి. మేకు, తీగ ముక్క పెట్టి సరిపెట్టుకోవద్దు. చక్రం నేలకు దించాక వీల్ నట్లు పూర్తిగా బిగించండి. కొంతదూరం నడిపి ఆగి, హబ్బు దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. సెగ తగిలితే బిగుతు ఎక్కువైనట్టే. మళ్లీ సరిచేసుకోవాలి.

నలుగురు కలిసి కొనుక్కోండి

ఈ సాకెట్టు ఏడాదికి ఒకటి రెండుసార్లే అవసరం. ఒక్కరే కొనడం భారమనిపిస్తే ఒకే మోడలు ట్రాక్టరున్న నలుగురైదుగురు కలిసి కొని ఒకచోట ఉంచుకోవచ్చు. సాకెట్టుకు నూనె రాసి, దానితో పాటు నట్టు కొలత, మోడలు పేరు రాసిన కాగితం పెట్టుకుంటే వచ్చే ఏడాది మళ్లీ వెతుక్కునే పని ఉండదు. సొంత ట్రాక్టరు లేక బాడుగకు పెట్టుకునే రైతులు కూడా రోడ్డెక్కేముందు ముందు చక్రాన్ని ఒకసారి ఊపి చూడటం మంచిది. చక్రం ఊగుతుంటే హబ్బు విప్పి చూడమని డ్రైవరుకు చెప్పండి.

యంత్రం పని పద్ధతిగా నేర్చుకోవాలనుకునే యువ రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో ట్రాక్టర్ల నడక, మరమ్మతులపై శిక్షణ ఇస్తారు. అంతవరకు మీరు చేయగలిగింది ఒకటుంది. ఈ వారమే మీ ట్రాక్టరు హబ్బు మూత తీసి, నట్టు కొలిచి, ఆ నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి. సీజనులో చక్రం చప్పుడు మొదలయ్యాక సాకెట్టు కోసం పట్నం పరుగెత్తే అవస్థ తప్పుతుంది.